రిపోర్టుకు కాదు, నోటికి మందు: థలసీమియా, సికిల్ సెల్ ఉన్నవారి నోట్లో ఈస్టు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో థలసీమియా, సికిల్ సెల్ పిల్లల తల్లిదండ్రులున్నారు. రక్తం ఎక్కించే డే కేర్ సెంటర్ల సిస్టర్లు, డెంటల్ హౌస్ సర్జన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు కూడా వచ్చారు. అందరికీ ఒకే మాట సరిపోదు. మధ్యలో కాసేపు ల్యాబ్ సంగతులు నడుస్తాయి, తల్లిదండ్రులు ఓపిక పట్టాలి. ఇంటి సంగతులు వచ్చినప్పుడు టెక్నీషియన్లు ఓపిక పట్టాలి.

నోటి స్వాబ్ (దూది పుల్లతో తీసిన నమూనా) పంపితే రెండు రోజుల తర్వాత రిపోర్టు వస్తుంది. అందులో ‘క్యాండిడా అల్బికాన్స్ పెరిగింది’ అని ఒక్క లైను ఉంటుంది. క్యాండిడా అంటే ఒక రకం ఈస్టు, ఫంగస్ జాతిది. దాన్ని చూసి కంగారుపడి, మెడికల్ షాపులో ఫంగస్ మాత్ర ఫ్లూకొనజోల్ కొని వేసేయడం మామూలైపోయింది. ఆ లైను జబ్బు పేరు కాదండీ. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలోనే దాదాపు మూడో వంతు నుంచి సగం మంది దాకా నోట్లో క్యాండిడా ఉంటుంది. నాలుక వెనక భాగంలో, చెంపల లోపల, అంగిట్లో దాని మానాన అది ఉంటుంది, ఏ హానీ చెయ్యదు. నోట్లో అది ఉందంటే కాలనైజేషన్ ఉందని మాత్రమే. తెల్లపొర, ఎర్రబారడం, మంట, పెదవి మూలల్లో పగుళ్లు కనిపిస్తేనే ఇన్ఫెక్షన్. మందు ఇన్ఫెక్షన్‌కి ఇస్తాం, కాలనైజేషన్‌కి ఇవ్వం. అయితే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులున్నవాళ్లలో మొదటిది రెండోదిగా మారే దారి కాస్త దగ్గర. ఎందుకు దగ్గరో తెలిస్తే ఎవరికి మందు కావాలో, ఎవరికి వేరే పరీక్ష కావాలో తెలుస్తుంది.

బీటా థలసీమియా మేజర్ తీసుకుందాం. ఒక బ్యాగు ఎర్రకణాల్లో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంట్లోంచి రోజుకు బయటికి పోయేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లల్లో ఈ లెక్క ఎక్కడికి పోతుందో మీకే తెలుసు. రక్తంలో ఇనుమును మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ మూడొంతుల దాకా నిండిపోయాక, దేనికీ అంటుకోని ఇనుము తిరగడం మొదలవుతుంది. ఈస్టుకు కావాల్సింది అదే. ఇనుము లేకపోతే క్యాండిడా పెరగలేదు. అందుకే మన శరీరం ఇనుమును దానికి అందకుండా దాచిపెడుతుంది. లాలాజలంలో లాక్టోఫెరిన్ ఉండేది కూడా ఇందుకే. అది ఇనుమును పట్టేసుకుంటుంది. ఆ లాక్టోఫెరిన్ అప్పటికే ఇనుముతో నిండిపోతే ఇక పట్టుకునేదేముంది?

క్యాండిడా కూడా తక్కువదేం కాదు. ఇనుము లాక్కోవడానికి దానికి మూడు నాలుగు దారులున్నాయి. వేరే సూక్ష్మజీవులు తయారు చేసుకున్న సిడెరోఫోర్లను, అంటే ఇనుమును పట్టే అణువులను, అది ఎత్తుకుపోతుంది. హిమోగ్లోబిన్ నుంచి ఇనుమున్న ముక్క అయిన హీమ్‌ను లాగగలదు. గుండ్రటి కణంగా ఉన్నది పోగులా సాగి హైఫా అయినప్పుడు దాని ఒంటి మీద ఏఎల్‌ఎస్3 అనే ప్రోటీన్ వస్తుంది. ఆ ఒక్క ప్రోటీన్‌తోనే అది మన చెంప కణాలకు అతుక్కుంటుంది, లోపలికి దూరుతుంది, మన ఒంట్లో ఇనుమును నిల్వచేసే ప్రోటీన్ అయిన ఫెరిటిన్‌ను కూడా పట్టుకుంటుంది. థలసీమియా పిల్లల లాలాజలంలో ఫెరిటిన్ ఎక్కువగా ఉంటుందని కొలిచి చూపించారు. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే ఆ ఇనుమూ దానికే పోతుంది. కాబట్టి చిగుళ్లు బాగుచేయించడం పళ్ల డాక్టరు పని మాత్రమే అనుకోకండి, అది ఈస్టు అదుపులో భాగం.

ఇనుము ఇంకో పని కూడా చేస్తుంది. ఈస్టును మింగి చంపాల్సిన తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు ఇనుము పేరుకున్న ఒంట్లో సరిగ్గా పనిచేయవు. సంఖ్య బాగానే ఉండొచ్చు, చంపే శక్తి తగ్గుతుంది. పాంక్రియాస్‌లో ఇనుము చేరితే షుగరు వస్తుంది. షుగరు వస్తే లాలాజలంలో గ్లూకోజు పెరుగుతుంది, ఈస్టుకు మేత దొరుకుతుంది. టీనేజిలో ఉన్న థలసీమియా అబ్బాయికో అమ్మాయికో నోట్లో తెల్లపూత పదే పదే వస్తుంటే నోటి మందు మార్చడం కాదు, ముందు పరగడుపు షుగరు చూడండి. ఇక్కడో జాగ్రత్త. తరచుగా రక్తం ఎక్కించుకునే వాళ్లలో మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ నమ్మదగ్గది కాదు. ఎర్రకణాలు దాతలవి, వాటి వయసు వేరు. పరగడుపు గ్లూకోజు, గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష, ఇవే చూడాలి.

ముఖం ఎముకల సంగతి చాలామందికి తట్టదు. సరిపడా రక్తం ఎక్కని పిల్లల్లో మజ్జ ఉబ్బి పైదవడ ముందుకొస్తుంది, పైపళ్లు బయటికి వస్తాయి, పెదవులు మూసుకోవు. రాత్రంతా నోటితోనే ఊపిరి. ముందుభాగం చిగుళ్లు, అంగిలి ఎండిపోతాయి. ఈస్టును కడిగేసేది లాలాజలమే. అందులో హిస్టాటిన్లు అనే చిన్న ప్రోటీన్లు ఈస్టును చంపుతాయి కూడా. నోరు ఎండితే కడగడమూ పోయింది, చంపడమూ పోయింది. ఆ పళ్లను సరిచేయడానికి తీసి పెట్టుకునే ప్లేటు వేస్తే, దాని కింద చెమ్మగా, గాలాడని చోటొకటి తయారవుతుంది. ఆక్రిలిక్ ప్లేటు అడుగున ఈస్టు పొర కట్టిందంటే ఎన్ని మందులు వాడినా ప్లేటు నుంచి మళ్లీ అంగిటికి వస్తూనే ఉంటుంది.

సికిల్ సెల్‌లో దారులు వేరు. అక్కడ ఇనుము అందరిలో సమస్య కాదు, పదే పదే రక్తం ఎక్కించుకునే వాళ్లలోనే. ప్లీహం చిన్నప్పుడే పనిచేయడం మానేస్తుంది. అందుకే పెన్సిలిన్ వి ఇస్తాం. మూడేళ్లలోపు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మూడు నుంచి ఐదేళ్ల దాకా 250 మిల్లీగ్రాములు రెండుసార్లు. జ్వరమొస్తే సెఫ్ట్రియాక్సోన్, ఛాతీ జబ్బు వస్తే ఇంకా పెద్ద మందులు. నోట్లో బ్యాక్టీరియా తగ్గితే ఖాళీ అయిన చోటును ఈస్టు ఆక్రమిస్తుంది. దీన్ని విని ఎవరైనా ‘అయితే పెన్సిలిన్ ఆపేద్దాం’ అనుకుంటే పెద్ద ప్రమాదం. ప్లీహం లేని బిడ్డకు న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా వస్తే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. తెల్లపూత ఎన్నిసార్లు వచ్చినా దానికి విడిగా మందు వాడాలి గానీ పెన్సిలిన్ మానకూడదు.

కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. పాడేరు ఏజెన్సీలో, ఆదిలాబాద్ గూడేల్లో పరీక్షల్లో దొరికిన పిల్లలకు హైడ్రాక్సీయూరియా మొదలవుతుంది. నొప్పుల రోజులు తగ్గుతాయి, చాలా మంచి మందు. కానీ అది న్యూట్రోఫిల్స్‌ను తగ్గిస్తుంది, కొందరికి నోట్లో పుండ్లు కూడా వేస్తుంది. రక్తపరీక్షకు వచ్చిన రోజున ఒక్క నిమిషం టార్చి వేసి నోరు చూడమని సిస్టర్లను అడుగుతున్నాను. ఆస్తమా కూడా ఉండి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చే పిల్లలైతే, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఈ ఒక్క పని చేయక వచ్చే తెల్లపూతలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు నోరు ఎలా చూడాలో చెబుతాను. రక్తం తక్కువున్న పిల్లల నోరు మామూలుగానే పాలిపోయి ఉంటుంది. పుస్తకాల్లో బొమ్మలన్నీ గులాబీ రంగు నోటి మీద తెల్ల మచ్చలవి. పాలిపోయిన నోట్లో ఆ తేడా తెలియదు. ఇనుము చేరిన వాళ్ల చిగుళ్లు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి, అదీ కళ్లను మోసం చేస్తుంది. అందుకే మంచి తెల్ల వెలుతురు కావాలి, కిటికీ వెలుగు చాలదు. చెంపలు లాగి పైకీ కిందికీ చూడండి. నాలుకను గాజు గుడ్డతో (కట్లు కట్టే పల్చటి గాజ్ గుడ్డ) పట్టుకుని రెండు పక్కలా తిప్పండి. అంగిలి చూడటం మరవకండి.

తెల్లటి పెరుగు గడ్డల్లా ఉన్నది గాజు గుడ్డతో తుడిస్తే ఊడి, కింద ఎర్రగా కనిపిస్తే అది ఈస్టు పొర. పాల మరక అయితే నీళ్లతో పోతుంది, కింద ఎర్రదనం ఉండదు. ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లలో, హిమోఫిలియా ఉన్నవాళ్లలో గీకి చూడొద్దు. తడి గాజు గుడ్డతో ఒకసారి మెల్లగా తుడిస్తే చాలు. రక్తం ఆగకపోతే నోటి పొర చూద్దామనుకున్నది రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టరు ఎక్కించే దాకా పోతుంది.

ఎక్కువగా కళ్లు తప్పించుకునేది తెల్ల రకం కాదు, ఎర్ర రకం. పొర ఉండదు. నాలుక మీద బుడిపెలు పోయి నున్నగా అవుతుంది, అంగిట్లో ఎర్రటి మచ్చ ఉంటుంది, కారం తగిలితే మంట. తల్లులు దీన్ని ‘నోరు పూసింది’ అంటారు. షాపులో బి-కాంప్లెక్స్ ఇస్తారు, దాంతోపాటు ఐరన్ ఉన్న టానిక్ కూడా అంటగడతారు. థలసీమియా మేజర్ బిడ్డకు ఐరన్ టానిక్! సీసా మీద చిన్న అక్షరాల్లో ఫెర్రస్, ఫెర్రిక్, కార్బొనిల్ ఐరన్, ఇవేవైనా ఉంటే తిప్పి ఇచ్చేయండి. ఫోలిక్ యాసిడ్ వేరు, అది డాక్టరు రాసినట్టు వాడాలి. పెదవి మూలల పగుళ్లూ అంతే. రక్తహీనతతో రావచ్చు, ఈస్టుతో రావచ్చు, స్టాఫ్ బ్యాక్టీరియాతో రావచ్చు, తరచుగా అన్నీ కలిసే వస్తాయి.

తుడిస్తే ఊడని తెల్లమచ్చ సంగతి విడిగా చెప్పాలి. ఫాంకోని అనీమియా, డిస్కెరటోసిస్ కంజెనిటా అనే మజ్జ జబ్బులున్నాయి. డిస్కెరటోసిస్‌లో నోట్లో తెల్ల మచ్చలు జబ్బు లక్షణాల్లోనే ఒకటి. గోళ్లు పాడవుతాయి, మెడ మీద చర్మం వల అల్లినట్టు రంగు మారుతుంది. ఫాంకోనిలో చిన్న వయసులోనే నోటి క్యాన్సర్ ముప్పు ఎక్కువ, మజ్జ మార్పిడి తర్వాత ఇంకా ఎక్కువ. వీళ్లలో ఊడని మచ్చకు రెండు వారాలు ఈస్టు మందు వాడి చూడొచ్చు. తగ్గకపోతే మూడో వారం మందు మార్చొద్దు, ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఆరు నెలలు ‘ఫంగస్’ అనుకుంటూ గడిపేయడమే ఇక్కడ జరిగే ఘోరం.

టెక్నీషియన్ల వంతుకొద్దాం. నోటిలో ఈస్టు ఎంతుందో లెక్క కావాలంటే స్వాబ్ కన్నా పుక్కిలించిన నీళ్లు మేలు. స్వాబ్ ఎక్కడుందో చెబుతుంది, ఎంతుందో సరిగ్గా చెప్పదు. ఉదయం పళ్లు తోముకున్నాక, తిన్నాక కనీసం గంట ఆగాలి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలించిన రోజున తీసిన నమూనా పనికిరాదు. 10 మిల్లీలీటర్ల స్టెరైల్ ఫాస్ఫేట్ బఫర్ సెలైన్ ఇచ్చి సరిగ్గా 60 సెకన్లు నోరంతా తిప్పించి అదే డబ్బాలో ఉమ్మించండి. చిన్నపిల్లలు మింగేస్తారు, ఆరేళ్లలోపు వాళ్ల దగ్గర స్వాబే. దాన్ని సెలైన్‌తో తడిపి నాలుక, రెండు చెంపలు, అంగిలి మీద దొర్లించాలి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో. ఏజెన్సీ నుంచి బస్సులో మధ్యాహ్నం ఎండలో వచ్చిన నమూనాలో ఈస్టు దారిలోనే పెరిగిపోతుంది. అప్పుడు వచ్చిన అంకె నోటిది కాదు, బస్సుది.

ఆ 10 మిల్లీలీటర్లను సెంట్రిఫ్యూజ్‌లో 1700 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, పైనీరు పారబోసి, అడుగును 1 మిల్లీలీటరు సెలైన్‌లో కలపండి. అందులో 0.1 మిల్లీలీటరు క్లోరాంఫెనికాల్ కలిపిన సాబరాడ్ అగార్ మీద పరిచి, 37 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచాలి. 24 గంటలకే ‘పెరగలేదు’ అని రిపోర్టు ఇవ్వొద్దు, గ్లాబ్రాటా అనే క్యాండిడా జాతి నిదానంగా వస్తుంది. లెక్కలో పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ప్లేటు మీద 40 కాలనీలున్నాయనుకోండి. పరిచింది 0.1 గనక 1 మిల్లీలీటరులో 400. కానీ ఆ 1 మిల్లీలీటరు 10 మిల్లీలీటర్ల నుంచి వచ్చింది. కాబట్టి పుక్కిలించిన నీటిలో మిల్లీలీటరుకు 40. రెండో మెట్టు మరిచిపోతే పదిరెట్ల తేడా. రిపోర్టులో ఏ మెట్టు అంకో రాయండి, లేకపోతే రేపు ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చలేరు.

క్రోమోజెనిక్ అగార్ ఉంటే జాతి తేలిగ్గా తెలుస్తుంది. అల్బికాన్స్ ఆకుపచ్చ, ట్రాపికాలిస్ నీలం, క్రుసీ గులాబీ రంగులో గరుకుగా అంచులు తెల్లగా, గ్లాబ్రాటా వంగపండు ఛాయలో. అది లేని చోట జెర్మ్ ట్యూబ్ పరీక్ష. 0.5 మిల్లీలీటరు సీరంలో కాలనీని కొద్దిగా ముట్టించి కలిపి, 37 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు గంటలు. మూడు దాటనివ్వొద్దు, ట్రాపికాలిస్ కూడా పోగులు వేయడం మొదలుపెట్టి మోసం చేస్తుంది. అసలు జెర్మ్ ట్యూబ్ మొదట్లో నొక్కినట్టు ఉండదు, తల్లికణం నుంచి ఒకే వెడల్పులో బయటికొస్తుంది. ముద్ద ఎక్కువ కలిపినా పోగులు రావు, అది తప్పుడు నెగెటివ్. జాతి ఎందుకంటారా? క్రుసీకి ఫ్లూకొనజోల్ పుట్టుకతోనే పనిచేయదు, గ్లాబ్రాటాకు చాలాసార్లు సరిపోదు. మజ్జ మార్పిడి అయ్యాక నెలల తరబడి ఫ్లూకొనజోల్ మీదున్న బిడ్డ నోట్లో పెరిగేవి ఎక్కువగా ఇవే.

అంకె వచ్చింది. దాంతో ఏం చేయాలి? నోట్లో ఏమీ లేకపోతే ఆ అంకెకు మందు లేదు. ఫెరిటిన్ పెరిగినకొద్దీ కాలనీలు పెరుగుతాయని లెక్క కట్టకండి, జ్వరమొచ్చినా, లివర్ వాచినా ఫెరిటిన్ పెరుగుతుంది. మూడు నెలల తేడాతో ఒకే బిడ్డలో, ఒకే పద్ధతిలో తీసిన అంకెలు పోల్చుకుంటే మాత్రం ఉపయోగం ఉంది.

నోట్లో కనిపించి, బిడ్డ ఇతరత్రా బాగుంటే పైపూత మందుతో మొదలు. నిస్టాటిన్ సస్పెన్షన్ మిల్లీలీటరుకు 1 లక్ష యూనిట్లు. పెద్దవాళ్లకూ, పెద్ద పిల్లలకూ 4 నుంచి 6 మిల్లీలీటర్లు రోజుకు నాలుగుసార్లు, 7 నుంచి 14 రోజులు. పసిపిల్లలకు 2 మిల్లీలీటర్లు, చెంపకు ఒకటి చొప్పున. సీసా బాగా ఊపాలి. తిన్నాక వేసుకోవాలి, రెండు నిమిషాలు నోరంతా తిప్పాలి, తర్వాత అరగంట నీళ్లు కూడా వద్దు. పడుకోబోయే ముందు వేసే డోసు అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే రాత్రి లాలాజలం తగ్గుతుంది, మందు ఎక్కువసేపు ఉంటుంది. లెక్క కూడా చూసుకోండి: 4 మిల్లీలీటర్లు నాలుగుసార్లంటే రోజుకు 16. 30 మిల్లీలీటర్ల సీసా రెండు రోజులకు కూడా పూర్తిగా రాదు. ఒక సీసా కొని ‘వాడాం, తగ్గలేదు’ అనేవాళ్లు నిజానికి రెండు రోజులే వాడారు. మూడో రోజుకే పొర పోవచ్చు, అయినా పోయాక కనీసం 48 గంటలు కొనసాగించాలి. చాలా సస్పెన్షన్లలో పంచదార ఉంటుంది, రెండు వారాలు వాడితే పళ్లు జాగ్రత్త.

అందరూ చేసే తప్పు ఇంకొకటి. చిగుళ్లకు క్లోర్‌హెక్సిడిన్, ఈస్టుకు నిస్టాటిన్ రెండూ రాస్తారు, బిడ్డ ఒకదాని వెంట ఒకటి వాడుతుంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పనిచేయనివ్వవు. మధ్యలో కనీసం అరగంట, కుదిరితే గంట ఉండాలి. నురగ వచ్చే టూత్‌పేస్టు కూడా క్లోర్‌హెక్సిడిన్‌ను చెడగొడుతుంది, అక్కడా అరగంట. ఇన్ని గంటలు లెక్కపెట్టలేం అనుకుంటే క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ వాడటం తేలిక. నాలుగు నెలలలోపు పసికందుకు మైకొనజోల్ జెల్ ముద్దగా గొంతులో పెట్టొద్దు, ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో ఉందని బోరో గ్లిజరిన్ రాయకండి, పసిపిల్లల్లో బోరిక్ యాసిడ్ విషం. వయొలెట్ మందు పూస్తే నోరంతా ఊదారంగు, తర్వాత చూసేవాళ్లకు ఏమీ కనిపించదు.

పొర ఎక్కువగా ఉన్నా, న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉన్నా ఫ్లూకొనజోల్. పెద్దవాళ్లకు రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు, పిల్లలకు మొదటి రోజు కిలోకు 6, తర్వాత 3 మిల్లీగ్రాములు, 7 నుంచి 14 రోజులు. మింగితే ఛాతీలో నొప్పి, అన్నం దిగట్లేదంటే అది అన్నవాహికలోకి పోయింది, అక్కడ పైపూత మందులు పనికిరావు. 14 నుంచి 21 రోజులు లోపలి మందే.

మన పిల్లల్లో ఫ్లూకొనజోల్ ఇచ్చేముందు గుండె గురించి ఒక మాట. ఈ మందు ఈసీజీలో క్యూటీ నిడివిని, అంటే ప్రతిసారి కొట్టుకున్నాక గుండె మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని, పెంచుతుంది; అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. గుండెలో ఇనుమున్న బిడ్డకు ఆ గుండె ముందే సున్నితం. ఇనుము పారాథైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తే కాల్షియం పడిపోతుంది, కాల్షియం తక్కువైనా క్యూటీ పెరుగుతుంది. దానికి తోడు వాంతులకు ఆన్‌డాన్సెట్రాన్, దగ్గుకు అజిత్రోమైసిన్ రాస్తే మూడూ ఒకే వైపు లాగుతాయి. పదేళ్లు దాటిన థలసీమియా పిల్లలకు ఈసీజీ, కాల్షియం, పొటాషియం చూసి ఇవ్వాలి. కిడ్నీ పనితనం తగ్గితే డోసు తగ్గించాలి, ఇనుము దించే డెఫెరాసిరాక్స్ మాత్ర వాడేవాళ్లలో క్రియాటినిన్ తరచుగా పెరుగుతుంది. గర్భవతులకు పైపూత మందుతోనే సరిపెట్టాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, సిస్టర్లూ తల్లిదండ్రులూ ఇద్దరూ గుర్తుపెట్టుకోవాల్సింది. డెఫెరిప్రోన్. ఇనుము దించే ఈ మాత్రకు ప్రపంచంలో మొదట అనుమతి వచ్చింది మన దేశంలోనే, 1994లో. గుండెలో ఇనుమును బాగా లాగుతుంది. కానీ నూటికి ఒకరిద్దరిలో న్యూట్రోఫిల్స్ 500 కిందికి పడిపోతాయి, ఎక్కువగా మొదటి ఏడాదిలో. ఈ మాత్ర వాడుతున్న బిడ్డకు జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండు లేదా హఠాత్తుగా తెల్లపూత వస్తే ఆ పూటే మాత్ర ఆపి, ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. ‘నోరు పూసింది, రెండు రోజులు చూద్దాం’ అన్నది ఇక్కడ చెల్లదు. మొదటి ఆరు నెలలు వారం వారం కౌంట్ చూడాలనేది కూడా ఇందుకే.

కౌంట్ చదవడంలో ఒక మెలిక ఉంది. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్ శాతంతో హెచ్చవేస్తాం. 2,400లో 18 శాతం అంటే 432, ప్రమాదం. కానీ థలసీమియాలో, ముఖ్యంగా ప్లీహం తీసేసిన వాళ్లలో, న్యూక్లియస్ ఉన్న పసి ఎర్రకణాలు రక్తంలోకి గుంపులుగా వస్తాయి. చాలా మెషిన్లు వాటిని తెల్లకణాలుగా లెక్కేస్తాయి. మెషిన్ 9,000 అంటుంది. స్మియర్‌లో, అంటే గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసిన రక్తంలో, 100 తెల్లకణాలకు 200 పసి ఎర్రకణాలు కనిపించాయనుకోండి. 9,000ను 100తో హెచ్చవేసి, 100కు 200 కలిపిన 300తో భాగించాలి. అసలు అంకె 3,000. అందులో న్యూట్రోఫిల్స్ 15 శాతమైతే 450. మెషిన్ కాగితం ప్రకారం 1,350, బిడ్డను ఇంటికి పంపేస్తాం. స్మియర్ చూడకుండా ఈ పిల్లల కౌంట్ మీద సంతకం పెట్టకండి.

ప్లీహం తీసేసిన బిడ్డకు 38 డిగ్రీలు దాటి జ్వరముంటే నోట్లో ఏముందనేది తర్వాతి ప్రశ్న, ముందు ఆసుపత్రి. ఛాతీలో పోర్టు (మందులు ఎక్కించడానికి పెట్టిన గొట్టం) ఉన్నవాళ్లకు జ్వరమొస్తే రక్తం కల్చర్ పోర్టు నుంచీ, చేతి నుంచీ రెండూ తీయాలి. రక్తంలో క్యాండిడా వస్తే నోటిని నిందించే ముందు ఆ గొట్టాన్ని అనుమానించాలి.

ఇంట్లో చేయాల్సినవి క్లుప్తంగా. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా. నాలుక బద్దతో రక్తం వచ్చేట్టు గీకకండి, బ్రష్‌తో నాలుగుసార్లు మెల్లగా లాగితే చాలు. పూత తగ్గాక బ్రష్ మార్చండి. ప్లేటు రాత్రిపూట తీసి, బ్రష్‌తో తోమి, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టి, కడిగి పొడిగా ఉంచండి. రక్తం పడుతుందని బెల్లం, ఖర్జూరం, పల్లీపట్టీ రోజూ పెట్టే ఇళ్లున్నాయి. ఒక బ్యాగులో వచ్చే 200 మిల్లీగ్రాముల ముందు బెల్లంలోని ఇనుము లెక్కలోది కాదు, దానితో రక్తమూ పట్టదు. నష్టం పంచదారతో, పళ్లకు అంటుకునే జిగురుతో. పెడితే భోజనంతోపాటు పెట్టండి, రోజంతా చప్పరించడానికి ఇవ్వకండి.

ప్రశ్నలుంటే అడగండి.

‘రక్తం ఎక్కించిన రోజే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చా సార్?’ మర్నాడో, ఆ మర్నాడో మంచిదమ్మా. హిమోగ్లోబిన్ అప్పుడే బాగుంటుంది, బిడ్డ కుర్చీలో ఓపిగ్గా కూర్చుంటుంది. వెళ్లేముందు ఆ వారం కౌంట్ కాగితం, ఇనుము దించే (కీలేషన్) మాత్రల పేర్లు, ప్లీహం తీశారా లేదా అన్నది చీటీ మీద రాసి తీసుకెళ్లండి. తీసేసి ఉంటే పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ కావాలేమో మీ రక్తజబ్బుల డాక్టరును ఫోన్‌లో అడగమని చెప్పండి.

‘కొబ్బరినూనె పుక్కిలిస్తే తగ్గుతుందా?’ హాని లేదు, పెద్దపిల్లలైతే. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మందుకు బదులు కాదు. చిన్నపిల్లలు నూనె పీల్చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వాళ్లకు వద్దే వద్దు.

‘పెరుగు?’ మామూలు పిల్లలకు, మన పిల్లలకు కూడా అన్నంతో పెట్టండి. మజ్జ మార్పిడి అయిన తొలి నెలల్లో, న్యూట్రోఫిల్స్ 500 లోపున్నప్పుడు బయటి పెరుగు, ప్రోబయోటిక్ పొట్లాలు ఆపేయండి, ట్రాన్స్‌ప్లాంట్ టీము చెప్పినదే తినిపించండి. ఆ పొట్లాల్లో కొన్నిటిలో ఉండేది కూడా ఈస్టే, శాక్రోమైసిస్ అనేది. మెడలో లైను (రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) ఉన్న బిడ్డ పక్కన ఆ పొట్లం విప్పడం కూడా మంచిది కాదు, పొడి చేతికి అంటి లైను మీదికి పోతుంది.